బేరమాడని మనిషి

కిందటి వారం కాకరమ్మను మనం ఎక్కడ వదిలేశామో గుర్తుంది కదా? పరీక్ష గదిలో, నల్లరంగు పూసిన కుక్కర్ ముందు, నోట మాట లేకుండా. ఆమెకు నోట మాట రాకపోవడం ఆ పత్రిక ఆఫీసులో అదే మొదటిసారి కాబట్టి గుర్తుండే ఉంటుంది. మరిచిపోయిన వాళ్ళ కోసం, ఇప్పుడే అందుకున్న వాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

ఇంటి సామాన్లని పరీక్షించి, ఏది కొనదగ్గదో ఏది కాదో చెప్పే పత్రిక అది. ప్రకటనలు వేసుకోదు. కంపెనీలు పంపిన వస్తువుల్ని ముట్టుకోదు, బజార్లో కొని తెచ్చినవాటినే పరీక్షిస్తుంది. కాకరమ్మ అక్కడ పరీక్షల విభాగానికి పెద్ద. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది, ఆమె రాతల్లో చేదు చూసి ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు ఇది. చాటుగా పిలుచుకుంటున్నాం అనుకుంటారు గానీ ఆమెకి తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడాను. ఐదు కంపెనీల కుక్కర్లు తెప్పించి, గుర్తులన్నీ నల్లరంగుతో కప్పించి, ఒక్కోదానికి ఒక్కో రంగు చుక్క పెట్టించి, ఏది ఎవరిదో ఎంత ఖరీదో తెలియకుండా ఆమె మార్కులు వేసింది. అన్నిట్లోనూ నీలిచుక్కకే మొదటి స్థానం. ఎడిటర్ గారు రంగు గీకి చూపించారు. నీలిచుక్క ఎవరిదయ్యా అంటే, ఏళ్ళ కిందట ఆమె వదిలేసి వచ్చిన మొగుడిది.

ఆ మొగుడి పేరు ఆమె నోటివెంట రాదు. "ఆ మహానుభావుడు" అంటుంది. తాగుడూ కొట్టుడూ ఏవీ లేవు పాపం ఆయనకి. కాకపోతే ఆయన ఫ్యాక్టరీలో ఎగ్జిబిషన్లకి పంపే కుక్కర్లు ఒక బల్ల మీద, జనానికి అమ్మే కుక్కర్లు ఇంకో బల్ల మీద తయారయ్యేవి. అది ఆమె కళ్ళారా చూసింది. ఇదేం పని అని నిలదీస్తే, "ఫొటోకి నిలబడేటప్పుడు తల దువ్వుకోమా ఏంటి?" అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆ మనిషి పక్కన కూర్చుని అన్నం తినడం ఆమె వల్ల కాలేదు. పెట్టె సర్దుకుని అక్క ఇంటికి వచ్చేసింది.

ఇక ఇవాళ్టి సంగతి.

పత్రిక సాయంత్రానికి అచ్చుకి వెళ్ళాలి. కాకరమ్మ పొద్దున్నే వచ్చి పరీక్ష గది షట్టర్ ఎత్తింది. ఒకప్పుడు అది కారు షెడ్డు. ఇప్పుడు గోడవారగా స్టవ్‌లు, ఇటుపక్క తూకం బల్ల, మధ్యలో ఇనపరేకు తెర, ఆ తెరలో ఒక మందపాటి అద్దం. ప్రమాదకరమైన పరీక్షలు తెర అవతల జరుగుతాయి. మనుషులు ఇవతల నిలబడి అద్దంలోంచి చూస్తారు. గ్యాస్ కట్టేసే మర కూడా ఇవతలే ఉంటుంది. కిటికీలెన్ని తెరిచినా ఆ గదికి ఉడికిన బంగాళాదుంపల వాసన, మాడిన రబ్బరు వాసన వదలవు.

రెండ్రోజులుగా ఆమెకి తిండి సయించడం లేదు. మార్కులు తప్పు వేశానని కాదు. సరిగ్గా వేసింది, అదే ఆమె బాధ. నీలిచుక్క అడుగు మందంగా ఉంది. శనగల్ని పైనా కిందా ఒక్కలా ఉడికించింది. పిడి చురుక్కుమనలేదు. ఆవిరి పోయే దారి మూసేసి మంట పెట్టినప్పుడు, మూత మీది సేఫ్టీ వాల్వ్‌లో మెత్తటి లోహపు ముక్క కరగాల్సిన చోట కరిగి, ఆవిరిని బుద్ధిగా బయటికి వదిలింది. ఇంత మంచి వస్తువు అంత నీచపు చేతి నుంచి రావడం ఆమెకి మింగుడు పడలేదు.

ఎడిటర్ గారు చేతిలో కొత్త సంచిక అట్ట నమూనా పట్టుకుని, కొత్త చొక్కా వేసుకుని మరీ వచ్చారు. "ఏమ్మా, చూడు. ఎలా ఉంది?"

అట్ట మీద పెద్ద పెద్ద అక్షరాలు. 'విడిచిపెట్టిన భర్త కుక్కర్‌కే మొదటి మార్కు! ఇంతకన్నా నిష్పక్షపాతం ఉంటుందా?' కింద ఐదు నక్షత్రాలు. పక్కన ఆమె ఫొటోకి ఒక ఖాళీ, ఇంకెవరి ఫొటోకో మరో ఖాళీ.

"సార్, మనం పరీక్షించింది కుక్కర్నా, నా కాపురాన్నా?" అంది కాకరమ్మ.

"అబ్బ, ప్రతిదానికీ ఒంటికాలి మీద లేస్తావేంటమ్మా? పాఠకులకి మనుషులు కావాలి. కన్నీళ్ళు కావాలి."

"పాఠకులకి ఉడికిన శనగలు కావాలి సార్. అవి ఉడుకుతూ నెత్తి మీదకి ఎగరకూడదు, అంతే. ఆ నక్షత్రాలెందుకు? ఆకాశంలో చోటు చాల్లేదా వాటికి?"

ఎడిటర్ గారు నవ్వారు. ఆయనకి ఆమె తిట్లు అలవాటే, చాలా ఏళ్ళుగా వాటి మీదే పత్రిక నడుస్తోంది. "సరే నక్షత్రాలు తీసేద్దాం. ఇంకో ఆలోచన చెప్తా విను. నాణ్యతకొచ్చిన మార్కుల్ని ధరతో భాగించి, ఒక్కో కుక్కర్‌కీ ఒకే ఒక్క అంకె ఇద్దాం. విలువ అంకె. జనం ఆ అంకె చూసుకుని కొనుక్కుపోతారు. సుఖం."

"భలే సుఖం! చవగ్గా దొరికి మొహాన పేలే కుక్కర్‌కి అన్నిటికన్నా పెద్ద అంకె వస్తుంది మీ లెక్కలో. మీరు దాన్ని కొనుక్కుని ఇంటికి తీసుకెళ్తారా?" కాకరమ్మ చేతిలోని రబ్బరు వలయాన్ని బల్ల మీద పడేసింది. "ఎన్నిసార్లు చెప్పాలి సార్? ధర తెలియకుండా ముందు పని చూడాలి. ధర చీటీ చూశాక వండితే ఖరీదైన దాంట్లో శనగలు తియ్యగా ఉడికినట్టుంటాయి. ప్రాణం మీదకి తెచ్చే లోపం కనిపిస్తే అక్కడికక్కడ తీసి అవతల పెట్టాలి, పిడి అందంగా ఉందని దానికి మార్కులు కలపకూడదు. ఎన్నాళ్ళు మన్నుతుందో చూడాలి. అవన్నీ అయ్యాకే ధర. దాన్నీ ఒకే సైజు వాటి మధ్యే పోల్చాలి. ఇది అంకె కాదు, రెండు ముక్కల్లో రాసి చెప్పాల్సిన సంగతి. చదివే ఓపిక లేనివాడు కొనకుండా కూర్చోవచ్చు."

"ఇంతకీ నీలిచుక్క సంగతి ఏం రాస్తావు?"

"బాగుంది. బాగుందనే రాస్తాను. నా కడుపుమంటకి మార్కుల్లో చోటు లేదు."

ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమయిందో ఎడిటర్ గారికి అర్థం కాలేదు. అర్థమయితే ఆ తర్వాతి పని చేసి ఉండేవారు కాదు. గుమ్మంలో కారు ఆగిన చప్పుడు విని, "ఆఁ, వచ్చేశారు. ఫొటో కోసం నేనే రమ్మన్నాను" అని ఎదురెళ్ళారు.

లోపలికి వచ్చింది మహానుభావుడే.

తెల్లచొక్కా, నిగనిగలాడే బూట్లు, మొహం నిండా ఎప్పుడూ అరగని అదే నవ్వు. జుట్టు పలచబడింది గానీ నవ్వు మాత్రం పలచబడలేదు. గదంతా కలయచూసి, నల్లరంగు కుక్కర్ల వైపు చూసి, ఆమె వైపు చూశాడు.

"బాగున్నావా?"

"పరీక్షలు అయ్యాయి. ఫలితం పత్రికలో చదువుకోండి" అంది కాకరమ్మ. కాపురంలో ఉన్నన్నాళ్ళూ ఆయన్ని మీరు అనే పిలిచింది. ఇప్పుడూ అదే మాట, దాంట్లో గౌరవం మాత్రం ఎప్పుడో ఆవిరైపోయింది.

"నేనెప్పుడూ చెప్తాను ఎడిటర్ గారూ, తనకి కోపం ఎక్కువే గానీ చేతి కొలత తప్పదని. నా మీద అంత పగ పెట్టుకుని కూడా నాకే మొదటి మార్కు వేసిందంటే చూడండి!"

"నేను వేసింది కుక్కర్‌కి. మీకు వేయమంటే చెప్పండి, ఇప్పుడే వేస్తాను."

ఎడిటర్ గారు మధ్యలో నిలబడి ఇద్దరికీ సర్దిచెప్పబోతుండగా సంచీబాబాయి వచ్చాడు. ఆయన పని కొనుగోళ్ళు. పత్రికకి కావలసిన ప్రతి వస్తువునీ మామూలు మనిషిలా బజారుకెళ్ళి, మామూలు షాపులో కొని తెచ్చేది ఆయనే. ఒకటి పరీక్షకి, ఒకటి దాచిపెట్టడానికి, ఏదైనా జతగా తెస్తాడు. రెండు భుజాలకీ రెండు గుడ్డ సంచులు లేనిదే కనిపించడు కాబట్టి ఆ పేరు. చాదస్తం మనిషి, గీసిన గీత దాటడు. కాకరమ్మ ఆ ఆఫీసులో వెటకారం లేకుండా మాట్లాడేది ఒక్క ఆయనతోనే.

మహానుభావుడు ఆయన్ని చూడగానే రెండు చేతులూ జోడించాడు. "మీరేనా బాబాయిగారంటే! మిమ్మల్ని చూడాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నానండీ. మా సరుకు అమ్మే షాపులవాళ్ళు మిమ్మల్ని తెగ మెచ్చుకుంటారు. బజారు మొత్తానికి బేరమాడని మనిషి మీరొక్కరేనటగా!"

బాబాయి మొహం విప్పారింది. "ఏదో, మా పద్ధతి అలాంటిది బాబూ."

కాకరమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ పద్ధతి ఆమె పెట్టిందే. బేరమాడితే ఒకడికి ఒక ధర, ఇంకొకడికి ఇంకో ధర, పోలికకి అర్థముండదు, కాబట్టి పెట్టె మీద అచ్చు వేసిన ధరే ఇచ్చి కొనాలి, మారు మాట్లాడకూడదు అని ఆమే రాసింది. గొప్ప న్యాయంగా తోచింది అప్పుడు. ఆ బజార్లో వక్క కొనేవాడు కూడా షాపువాడితో కాసేపు తగువాడతాడన్న సంగతి ఆ న్యాయం ధ్యాసలో ఆమెకి తట్టలేదు.

"మీకెలా తెలుసు ఈయన బేరమాడరని?" అంది.

నవ్వు ఒక్క క్షణం తడబడింది. "అదే... షాపులవాళ్ళు మాటల్లో..."

"కుక్కర్ కొనే వాళ్ళు రోజుకి ఎంతమంది వస్తారో! ఈయన్నే గుర్తుపెట్టుకున్నారా? గుర్తుపెట్టుకుని మీదాకా మోశారా?" అని, జవాబు కోసం ఆగకుండా బాబాయి వైపు తిరిగింది. "బాబాయ్, నువ్వు వెళ్ళి కుక్కర్ కావాలంటే ఏం చేశారు?"

"ఏం చేస్తారమ్మాయ్? కుర్చీ వేశారు. మంచినీళ్ళిచ్చారు. ధర ఎంత అంటే చెప్పారు, ఇచ్చాను. లోపలికెళ్ళి తెచ్చిపెట్టారు."

"బయట అరలో ఉన్నది ఇవ్వలేదా?"

"అవి దుమ్ము పట్టాయి, మీలాంటి పెద్దమనిషికి ఇవి ఇవ్వలేం అన్నారు. నేను వద్దనలేదు. వద్దంటే బేరమాడినట్టవుతుందేమో అని..."

"అన్ని షాపుల్లోనూ ఇంతేనా? ఎప్పుడూ ఇంతేనా?"

బాబాయి ఆమె వైపు చూడకుండా ఎడిటర్ గారి వైపు చూశాడు. ఎడిటర్ గారు అట్ట నమూనా అంచుకున్న దుమ్ము దులుపుకుంటున్నారు.

ఆ చూపు సంగతి ఆమె అప్పుడు పట్టించుకోలేదు. పట్టించుకునే వ్యవధి కూడా లేకపోయింది, ఎందుకంటే గుమ్మంలో అక్క అరుపు వినబడింది.

"ఏమే, ఎక్కడున్నావే? నీ మొదటి మార్కు మొహం మండా!"

అక్కని గురించి ఒక్క మాట. చెల్లెలికి రాతల్లో ఉన్న చేదు ఆమెకి నాలుక మీదే ఉంది. షాపుకి వెళ్తే సగం ధరకి మొదలుపెట్టి, గుమ్మం దిగి వెళ్ళిపోయి, వెనక్కి పిలిపించుకుని, సంచీ కూడా ఊరికే ఇప్పించుకుని గానీ రాదు. నీలిచుక్క ఎవరిదో చెల్లెలు చెప్పగానే, "పోన్లే, వాడు చేసిన మంచిపని ఒక్కటైనా మనింట్లో ఉండనీ" అని నవ్వి, నిన్న బజారుకెళ్ళి అదే కంపెనీ, అదే సైజు కుక్కర్ కొని తెచ్చుకుంది. ఇప్పుడు దాన్ని చంకన పెట్టుకుని వచ్చింది.

"మూత పెడితే పట్టదు, పడితే రాదు. పక్కల నుంచి ఆవిరి కక్కుతోంది. కింద దుంపలు మాడాయి, పైన పచ్చిగానే ఉన్నాయి. దీనికా నువ్వు మొదటి..." అంటూ అప్పుడు మహానుభావుణ్ణి చూసింది.

"వదినగారూ, బాగున్నారా?"

"నీ కుక్కర్ కొనేదాకా బాగానే ఉన్నాను మరిదీ."

కాకరమ్మ అక్క చేతిలోంచి కుక్కర్ అందుకుంది. అందుకోగానే ఆమె మొహం మారింది. చేతికి బరువు తెలిసే ఉద్యోగం కదా. దాచిపెట్టిన నీలిచుక్క జతని అరలోంచి దించి, తూకం బల్ల మీద ఒకవైపు దాన్ని, ఒకవైపు దీన్ని పెట్టింది. నీలిచుక్క వైపు పళ్ళెం టక్కుమని కిందికి దిగి కూర్చుంది. అక్కది గాల్లోకి లేచింది.

తర్వాత రెండు మూతలూ పక్కపక్కన పెట్టి, గుండుసూది తీసుకుని, సేఫ్టీ వాల్వ్ మధ్యనుండే ముక్క మీద గీసింది. నీలిచుక్క మీద సన్నటి గీత పడింది. మెత్తటి లోహం, వేడి ముదిరితే కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. అక్క కుక్కర్ మీద సూది జారింది. మళ్ళీ గట్టిగా నొక్కి గీసింది. సూది వంగింది గానీ గీత పడలేదు.

"ఇది కరగదు" అంది మెల్లగా. "ఇది అలంకారానికి పెట్టిన ముక్క. ఆవిరి దారిలో ఒక్క శనగపొట్టు అడ్డంపడితే చాలు."

అక్క ఠక్కున ఒక అడుగు వెనక్కి వేసింది.

"అయ్యయ్యో, ఒక్కదాన్ని చూసి అలా ఎలా చెప్తామమ్మా?" అన్నారు ఎడిటర్ గారు.

"ఒక్కదాన్ని చూసే కదా సార్ అట్టమీదకి ఎక్కించారు?"

మహానుభావుడికి నవ్వు మళ్ళీ అమిరింది. "తయారీలో అటూ ఇటూ కాస్త తేడా మామూలే. రెండూ ఒకే ఫ్యాక్టరీవి, రెండూ ఒకటే. నువ్వు పాత కోపంతో చూస్తున్నావు. ఇప్పుడు మార్కులు మార్చావనుకో, లోకం ఏమంటుంది? మొగుడి కుక్కరని తెలిశాక తగ్గించింది అంటుంది. మీ నిష్పక్షపాతం ఏం కావాలి?"

దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. నిజమే మరి. పేరు తెలియక ముందు మెచ్చుకున్నదాన్ని పేరు తెలిశాక తిడితే, ఆమె ఏ పనినైతే జీవితమంతా అసహ్యించుకుందో ఆ పనే చేసినట్టు. ఊరుకుంటే, అక్కలాంటి వాళ్ళు ఆమె మాట నమ్మి ఈ డబ్బాని పొయ్యి మీద పెట్టుకుంటారు.

కాకరమ్మ గోడవారనున్న కుర్చీ తీసి, ఇనప తెర అవతలికి ఈడ్చుకెళ్ళి, స్టవ్ పక్కనే వేసింది. అక్క కుక్కర్‌లో నీళ్ళు పోసి, గుప్పెడు శనగలు వేసి, వీపు ఇటు తిప్పి మూత దగ్గర ఏదో సర్దింది. స్టవ్ వెలిగించి చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చింది.

"రండి. వెళ్ళి కూర్చోండి."

"ఏంటిది?"

"రెండూ ఒకటేనన్నారు కదా. నీలిచుక్క భద్రతా పరీక్షలో నెగ్గింది, ఇదీ నెగ్గుతుంది. మీ సరుకు పక్కన మీరు కాసేపు కూర్చుంటే నాకు ఏ అనుమానమూ ఉండదు. మార్కులు అలాగే ఉంచుతాను. నక్షత్రాలు కూడా వేయించుకోండి."

మహానుభావుడు అందరి మొహాలూ చూశాడు. కాదంటే పరువు పోతుంది. బూట్లు టకటకలాడించుకుంటూ తెర అవతలికి వెళ్ళి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆ దర్జా చూసి అక్క "అబ్బో" అంది.

కుక్కర్‌లో నీళ్ళు సన్నగా రాగం తీశాయి. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. మూత అంచు నుంచి ఒక బుడగ చిట్లింది. కాలు మీది కాలు కిందికి దిగింది. రాగం గట్టిపడింది, విజిల్ మాత్రం రావడం లేదు. ఆయన కళ్ళు సేఫ్టీ వాల్వ్ మీదే ఉన్నాయి. కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది. ఇంకొంచెం జరిగింది. మూత ఒక్కసారి టప్పుమంది.

మహానుభావుడు కుర్చీ తన్నేసి, తెర ఇవతలికి ఒక్క గెంతు గెంతాడు. "కట్టెయ్! కట్టెయ్ అంటుంటే!" అని అరుస్తూ తానే వెళ్ళి గ్యాస్ మర బిగించాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నవ్వు ఎక్కడ పడిపోయిందో కనబడలేదు.

కాకరమ్మ పిడికిలి విప్పింది. ఆవిరి దారి మూయడానికి వాడే ఇనప బిరడా ఆమె అరచేతిలోనే ఉంది.

"నేను దారి మూయలేదు" అంది. "మామూలుగానే పెట్టాను. మా అక్క వంటింట్లో రోజూ ఎలా పెడుతుందో అలా. నీ కుక్కర్ పక్కన కాసేపు కూడా కూర్చోలేకపోయావు నువ్వు. పూటపూటా దాని పక్కన నిలబడి వండే వాళ్ళకి అమ్ముతున్నావు."

నువ్వు అన్న మాట ఆయనకి వినబడింది. ఆ మొహంలో ఉన్న కాస్త మర్యాదా ఊడిపోయింది.

"రాస్తావా? రాయి. మీ బాబాయిని బజారంతా గుర్తుపడుతుందని కూడా రాయి. లోపలి నుంచి వచ్చింది నా సరుకొక్కటే అనుకున్నావా? పత్రిక మనిషి వస్తే ఇవ్వడానికి ప్రతి షాపులోనూ ప్రతి కంపెనీదీ ఒక మంచి జత దాచి ఉంటుంది. నువ్వు మెచ్చుకున్న ఫ్యాన్లూ, ఇస్త్రీపెట్టెలూ, గీజర్లూ అన్నీ అలా వచ్చినవే. నా పరువు ఒక్కటే తీయడం కుదరదు. నీ బతుకంతా కూడా బయట పోసుకోవాలి. అంత దమ్ముంటే రాయి."

చొక్కా సర్దుకుని వెళ్ళిపోయాడు. కారు కదిలిన చప్పుడు సందు చివరిదాకా వినబడింది.

కాకరమ్మ తూకం బల్లకి ఆనుకుంది. ఇన్నాళ్ళూ ఆమె ఛీకొట్టిన మిగతా పత్రికలవాళ్ళందరూ గుర్తొచ్చారు. డబ్బా విప్పకముందే అద్భుతం అనేవాళ్ళు, ఊరికే వచ్చిందాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు. వాళ్ళకన్నా తాను పొడిచింది ఏముంది? వాళ్ళు తెలిసి మోసపోయారు. తాను గొప్ప పద్ధతి పెట్టుకుని, దాన్ని చూసుకుని మురిసిపోతూ మోసపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఒసేయ్" అంది అక్క. ఆమె గొంతులో వెటకారం లేదు. "ఇంట్లో గీజర్ కూడా నువ్వు చెప్పిందే కదే? పిల్లలు దాని కిందే స్నానం చేస్తారు."

ఆ మాటతో ఆమె తేరుకుంది. "ఇప్పుడే ఫోన్ చెయ్. ఎవరూ దాన్ని ముట్టుకోవద్దని చెప్పు. స్విచ్ కూడా వేయొద్దను." అక్క ఫోన్ పట్టుకుని బయటికి పరుగెత్తింది. కాకరమ్మ ఎడిటర్ గారి చేతిలోంచి అట్ట నమూనా లాక్కుంది. దాన్ని అడ్డంగా, నిలువుగా చింపి బుట్టలో పడేసింది. "సార్, అట్టమీద ఇది వేయండి. 'మా మాట నమ్మి మీరు కొన్నవీ, మేము పరీక్షించినవీ ఒకటి కావు.' కింద నా పేరు వేయండి. కాకరమ్మ అని కాదు, అసలు పేరు. లోపల మొదటి పేజీలో పాత పరీక్షలన్నీ రద్దు. ఏది ఎలా జరిగిందో నేను రాసిస్తాను."

"అమ్మా, ఆవేశపడకు. అది వేస్తే పత్రికే ఉండదు."

"ఉండకపోతే పోతుంది. పత్రిక లేదని ఎవరి కుక్కరూ పేలదు."

"పాపం ఆ బాబాయి కూడా ఏమైపోతాడో ఆలోచించు. తప్పంతా ఆయన నెత్తి మీద పడుతుంది. ఇన్నాళ్ళుగా ఆయన నీ దగ్గర దాచాడు కదా, అందుకని..."

సంచీబాబాయి అప్పటిదాకా మూల నిలబడి ఉన్నాడు. ఆ మాట విని, రెండు భుజాల మీది సంచులూ ఒకటొకటిగా తీసి బల్ల మీద పెట్టాడు. సంచులు లేని బాబాయిని ఆమె ఎన్నడూ చూడలేదు.

"నాకై నేను దాచలేదమ్మాయ్" అన్నాడు. "షాపులవాళ్ళు నన్ను గుర్తుపడుతున్నారు, లోపలి సరుకు ఇస్తున్నారు, ఇంకెవర్నైనా పంపండి అని ఎడిటర్ గారికి ఎప్పుడో చెప్పాను. నీకూ చెప్తానన్నాను. చెప్పావంటే ఉద్యోగం ఉండదన్నారు."

కాకరమ్మ నెమ్మదిగా తల తిప్పింది. ఎడిటర్ గారి కొత్త చొక్కా మీద చెమట మచ్చలు పొడుస్తున్నాయి. ఆమె తెర అవతలికి వెళ్ళి, పడిపోయిన కుర్చీని లేపి, అక్క కుక్కర్ పక్కన మళ్ళీ సరిగ్గా వేసింది.

"సార్, కుర్చీ ఖాళీగానే ఉంది. వచ్చి కూర్చోండి."

ఎడిటర్ గారు కూర్చోలేదు. గుమ్మం దాకా నడిచి వెళ్ళి, అక్క ఫోన్‌లో మాట్లాడుతూ సందు చివరికి వెళ్ళిందనీ, గుమ్మంలో ఇంకెవరూ లేరనీ చూసుకుని, షట్టర్ లోపలి నుంచి కిందికి దించేశారు.